పాత చీటీ మీద ఇచ్చిన ఆకలి మాత్రలు

2005 జూన్‌లో అమీర్‌పేటలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా చేరాను. పైన క్లినిక్, కింద మేము. అప్పటికే ఈ వృత్తిలో ఇరవై రెండేళ్లు గడిచాయి. రోజుకు పన్నెండు గంటలు నిలబడే పని. సాయంత్రం కంప్యూటర్ క్లాసులు వదిలితే ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లకు పోయేవాళ్లంతా మా కౌంటర్ మీద పడేవారు.

స్వప్న దగ్గర్లోని కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేది. ముప్పై ఏళ్లుంటాయి, కరీంనగర్ వైపు మనిషి. బరువుకు మోకాళ్లు నొప్పి పుట్టి నిలబడి పాఠం చెప్పలేకపోయేది. తిండి తగ్గించి, నడిచి చూసినా లాభం లేకపోవడంతో పైనున్న డాక్టరమ్మ ఆకలి తగ్గించే మాత్ర రాసింది. అది గుండెకు చేటని తర్వాత కొన్నేళ్లకు మార్కెట్ నుంచి తీసేశారు. అప్పట్లో మాత్రం షెడ్యూల్ హెచ్ కింద, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మేవాళ్లం. రోజూ ఉదయం ఒకటి, ఒక నెలకు మాత్రమే, రెండు వారాలకోసారి బీపీ చూపించుకోవాలి అని చీటీ మీద ఉంది. ఒక రోజు మరచిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దనీ, గుండె దడ వస్తే ఆపేసి డాక్టరు దగ్గరికి రమ్మనీ, వేరే ఏ మందుకైనా ముందు అడగమనీ చెప్పి ముప్పై మాత్రలు ఇచ్చాను. ఇచ్చిన తేదీతో చీటీ మీద ముద్ర వేశాను.

మూడు వారాలకే అదే చీటీతో వచ్చింది. బీపీ చూపించావా అని అడిగాను.

“గంటసేపు కూసోవాలె సార్ ఆడ. నాకు క్లాసులున్నయి. పాణం మంచిగనే ఉన్నది, జర ఇయ్యండి.”

ఆమె వెనక పదిమంది నిలబడ్డారు. నా కాళ్లు లాగుతున్నాయి. వాదించే ఓపిక లేక రెండు స్ట్రిప్పులు ఇచ్చేశాను. ముద్ర వేయలేదు. మరచిపోయి కాదు, వేస్తే తప్పు కనబడుతుందని.

తొమ్మిదో రోజున జలుబు మాత్ర అడగడానికి వచ్చింది. చెయ్యి వణుకుతోంది. నిద్ర ఉందా అని అడిగాను.

“పడతలేదు సార్. గుండె దడదడ కొట్టుకుంటున్నది.”

“రోజుకు ఎన్ని వేసుకుంటున్నావమ్మా?”

“మధ్యాహ్నం సుత ఒకటి ఏసుకుంటున్న. ఆకలి మళ్లయితున్నది మరి.”

పక్క షాపులో కొన్న జలుబు మాత్రలు అప్పటికే రెండు రోజులుగా వేసుకుంటోంది, తగ్గక మా దగ్గరికి వచ్చిందట. ఆ రకం మాత్రలూ బీపీని పెంచేవే. నెలకిచ్చిన మాత్రలు మూడు వారాలకు అయిపోయాయంటేనే నాకు తెలియాల్సింది.

కౌంటర్ వదిలి ఆమెను పైకి తీసుకెళ్లాను. బీపీ నూట ఎనభై, కింద నూట పది. డాక్టరమ్మ రెండు రకాల మాత్రలూ ఆపించి, పంజాగుట్టలోని ఆసుపత్రికి పంపింది. ఆటోలో నేనే వెంట వెళ్లాను. ఆమె నా చెయ్యి పట్టుకుని “ఏం గాదు గద సార్” అని రెండుసార్లు అడిగింది. నేను ఆటో అతణ్ని తొందరపెట్టాను. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచి, గుండెకు దెబ్బ తగల్లేదని ఇంటికి పంపారు.

మందు ఎవరిచ్చారని డాక్టరమ్మ అడిగింది. నేనేనని ఒప్పుకున్నాను. “అలసిపోతే షటర్ దించుకోండి. చీటీ చదవకుండా మందు మాత్రం ఇవ్వకండి,” అంది. షాపు యజమాని గుంటూరు ఆయన. “మనం ఇవ్వకపోతే పక్కవాడు ఇస్తాడు కదండీ,” అన్నారు. అదీ నిజమే.

నెల తర్వాత స్వప్న షాపుకొచ్చింది. మోకాళ్ల నొప్పి అలాగే ఉందట. సెంటర్లో కుర్చీ అడిగిందట. కూర్చుని చెబుతానంటే ఎవరూ కాదనలేదట.

ఆ షాపులో ఇంకో తొమ్మిదేళ్లు పనిచేశాను. గడువుకు ముందే అదే మందుకు వచ్చినవాళ్లను డాక్టరు దగ్గరికి తిప్పి పంపాను. కొందరు కోప్పడి పక్క షాపుకు వెళ్లారు. అక్కడ ఇచ్చే ఉంటారు. ఇలాంటి మందు క్షేమంగా వాడటమంటే మధ్యమధ్య పరీక్షలు జరగడమే. అవి జరిగాయా అని అడగాల్సిన చివరి మనిషి ఫార్మసిస్టు. అడిగి ఊరుకుంటే చాలదు, జవాబు సరిగా లేనప్పుడు మందు ఇవ్వకూడదు.