పొద్దున్నే కొట్టే నంబరు

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడానికి హిందూపురం నుంచి వెళ్లిన నన్ను చూసి, అక్కడి సూపరింటెండెంటమ్మ "ఇంగొకటా అప్పా?" అంది నీరసంగా.

రోజూ పొద్దున్నే ఆమె కొత్తదాంట్లో ఒకే హాల్‌టికెట్ నంబరు కొట్టి చూసేది. కనపడకపోతే నిట్టూర్చి పనిలో పడేది.

"ఎవరిదమ్మా అది?" అని అడిగాను.

"గుడిబండ ఊరి పాపదప్పా. పోయినసారి సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు మార్కులు ఎగిరిపోయినాయి. సర్టిఫికెట్‌కని వస్తే, రేపు రా, మాపు రా అని తిప్పించినాము. కడాకు రావడమే మానుకునింది."

పాత సర్వర్‌లో మిగిలినదంతా కొత్తదాంట్లోకి ఎక్కించిన రోజు ఆ నంబరు తెర మీదికి వచ్చింది. ఫస్ట్ క్లాస్! నేను సంబరంగా ఆమె వైపు చూశాను.

ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మార్కులొచ్చినాయిలేప్పా. టీచరమ్మ కావాలనుకున్న పాప ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో బోల్టులు బిగిస్తాండాది."