ఎర్ర సిరా పువ్వు

జపాన్‌లోని మత్సుయే ఊళ్లో టోఫు దుకాణం మేడమీద ఇంగ్లీషు చెప్పే మోయిరా, పాఠానికి ముందు చదువుకోవడానికి వచ్చినవాళ్లు గుమ్మంలో విడిచిన బూట్లన్నీ వీధివైపు తిప్పిపెడుతుంది. వచ్చిన కొత్తలో ఐర్లండు అలవాటు కొద్దీ సరైన జవాబులకు టిక్కులు పెట్టింది. ఇక్కడ టిక్కంటే తప్పు, సున్నా చుడితే ఒప్పు. ఆమె దగ్గర చదువుకునే, రైల్వేలో రిటైరైన కజితానిగారు తన కాగితం నిండా టిక్కులు చూసుకుని, మర్నాడే కమలాపళ్లతో వచ్చి, "ఒక్కటీ రాయలేకపోయాను, మీ పరువు తీశాను టీచర్" అని నడుం వంచారు. అప్పట్నుంచి ఆమె సున్నాలే చుడుతోంది. చిన్నపిల్లలు బాగా రాస్తే వాటికి రేకులు కూడా గీసి పువ్వు చేస్తుంది.

మూడుసార్లు తప్పిన ఇంగ్లీషు పరీక్ష డెబ్బయ్యో ఏట ప్యాసై, మొన్న కజితానిగారు సర్టిఫికెట్ తెచ్చారు. రెండు చేతులా దాన్ని అందిస్తూ, "పిల్లలకు పెట్టే పువ్వు నాకూ పెట్టండి టీచర్" అన్నారు.

"దీనిమీదా? పాడైపోతుందండీ!"

"అది లేకపోతే ప్యాసైనట్టే లేదు."

ఆమె రేకులన్నీ నిదానంగా గీసింది. సిరా ఆరేదాకా ఆయన ఊదుతూ కూర్చున్నారు.