కళాయి లేని రాగి

మేస్త్రికి ప్లాస్టిక్ పైపు పేరెత్తితే ఒళ్ళు మంట. ముప్పై రెండేళ్ళుగా కుళాయిలు బిగిస్తున్న మనిషి. "ప్లాస్టిక్ అంటే పని రానివాడి ధైర్యం. జిగురు పూస్తాడు, అతికిస్తాడు, పోతాడు. రాగి అతకాలంటే చేతిలో పనుండాలి" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఛాతీ రెండంగుళాలు ముందుకొచ్చేది. చేసే పని మీద ప్రేమ ఉండటం తప్పని ఎవరంటారు? ఆ ప్రేమ కళ్ళకి గంతలు కడితేనే చిక్కు.

ఒకసారి ఎవరింట్లోనో పంపు బాగుచేయడానికి వెళ్ళి, వాళ్ళ మేడ మీద ఓ వింత చూసి వచ్చాడు. కింద తొట్టిలో చేపలు. పైన కంకర నింపిన తొట్టిలో మొక్కలు. పిడికెడు మట్టి కూడా లేదు. పంపు చేపల నీళ్ళను పైకి తోస్తుంది. కంకరలో కంటికి కనపడని క్రిములు చేపల మురికిని ఎరువుగా మారుస్తాయి, మొక్కలు దాన్ని తాగేస్తాయి, తేరిన నీళ్ళు మళ్ళీ కిందికి జారతాయి. నీళ్ళు పైకి పోవడం, కిందికి రావడం, అంతే కదా అనుకున్నాడు మేస్త్రి. "ఓస్, ఇది మన పనే!"

చేయడం మాత్రం శ్రద్ధగానే చేశాడు, ఒప్పుకోవాలి. ఐదువందల లీటర్ల తొట్టి తెచ్చి మేడ మీద నీడపట్టున పెట్టాడు. నీలం డ్రమ్మును నిలువునా రెండుగా కోసి, ఇనుప కాళ్ళ మీద నిలబెట్టాడు. కంకరను నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాడు. నెల రోజులు నాలుగంటే నాలుగు చేపలతో ఓపిక పట్టి, కంకరలో క్రిములు పుంజుకున్నాక మిగతా ఇరవై వేశాడు. అంతకుముందే, తొట్టి నుంచి పైకి నీళ్ళు తోసే పైపు దగ్గరికి వచ్చేసరికి ఆయనలోని మేస్త్రి నిద్ర లేచాడు. ఏనాటి నుంచో కాగితంలో చుట్టి దాచుకున్న రాగి గొట్టం తీశాడు. నిమ్మచెక్కతో తోమాడు. వంపులు తిప్పి, అతికి, చివర ఇత్తడి కుళాయి బిగించాడు. ఎండ పడితే ధగధగలాడిపోయింది. పక్కింటివాళ్ళను, ఎదురింటివాళ్ళను పిలిచి మరీ చూపించాడు.

అందరూ "అబ్బో" అన్నారు. మేస్త్రి అత్తగారు మాత్రం గొట్టం దగ్గరికి వంగి చూసి, "కళాయి వేయించారా బాబూ?" అని అడిగింది.

"కళాయి ఏంటి అత్తయ్యా?"

"రాగి గిన్నెకి లోపల తగరంతో కళాయి పూత లేకపోతే పులుపు తగిలి చిలుము పడుతుంది కదా. అందుకని అడిగా."

మేస్త్రి పగలబడి నవ్వాడు. "ఇది వంట గిన్నె కాదత్తయ్యా, పైపు!" పక్కింటాయన కూడా నవ్వాడు. అక్కడితో ఆగితే బాగుండేది. వారం రోజులపాటు పనికెళ్ళిన ప్రతిచోటా అదే జోకు. "మా అత్తగారు పైపుకి కళాయి వేయించమంటుందయ్యా!"

అత్తగారు వాళ్ళింటికి వచ్చి నాలుగేళ్ళయింది. మామగారు పోయాక కూతురే వెళ్ళి తీసుకొచ్చింది. ఊరికే కూర్చోలేని మనిషి. కూర తరిగేది, బట్టలు మడతపెట్టేది, ఏమీ లేకపోతే చిరిగిన దుప్పటి పట్టుకుని కుట్టేది. చేపలొచ్చాక వాటి మేత పని తనే పుచ్చుకుంది. పొద్దునా సాయంత్రం ఒక్కో మూతెడు. తొట్టి అంచు మీద గాజులతో టకటకమనిపిస్తే చాలు, ఇరవై నాలుగు మూతులూ పైకి తేలేవి. "ఉండండ్రా, ఉండండి. అంత ఆకలేంటి మీకు!" అని వాటిని కసురుకునేది. ఎప్పుడైనా అన్నం మెతుకులు నాలుగు విదిలించేది. మేస్త్రి చూసేవాడు, చూడనట్టు ఊరుకునేవాడు.

రెండు నెలలు ఆకుకూరలు విరగపండాయి. ఇంటికి సరిపోగా వీధికి పంచారు. చేపపిల్లలమ్మిన కొట్టాయన, "నీళ్ళు రాన్రానూ పుల్లబడతాయి మేస్త్రీ, పరీక్ష చేయించుకుంటూ ఉండండి" అని చెప్పే పంపించాడు. మేస్త్రి వింటేగా! నీళ్ళ సంగతి నాకు చెప్పొచ్చాడా అనుకున్నాడు.

మూడో నెలలో చేపలు మేత మానేశాయి. పైకి తేలి నోళ్ళు తెరిచి రొప్పడం మొదలుపెట్టాయి. ఒకనాడు ఒకటి పోయింది, మర్నాడు రెండు. ఆదివారం పొద్దున మేడెక్కి చూస్తే పదకొండు వెల్లకిలా తేలుతున్నాయి. అప్పటికే అత్తగారు అక్కడ నిలబడి ఉంది, తొట్టి అంచు మీద చెయ్యేసుకుని. వెనకాలే భార్య వచ్చింది. పిట్టగోడ అవతల నుంచి పక్కింటాయన తొంగి చూశాడు.

పక్కింటాయన చూడకపోతే మేస్త్రి నోరు అంత జారేది కాదేమో. అది సాకు కాదులెండి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయన కళ్ళు నీళ్ళలో ఉన్న నాలుగు అన్నం మెతుకుల మీద పడ్డాయి.

"ఇదిగో! అన్నం వేసి వేసి నీళ్ళు కుళ్ళబెట్టేశారు. చేపలకి అన్నమేంటి? ఎన్నిసార్లు చెప్పాను?" ఒక్కసారి కూడా చెప్పలేదు. అత్తగారు ఏదో అనబోయింది. ఆయన ఆగలేదు. "మీరు చెయ్యి పెట్టిందేదీ బతకదు!"

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎందుకంటే ఆ ముసలమ్మకి ఒక కొడుకుండేవాడు. తొమ్మిదేళ్ళవాడు. నలభై ఏళ్ళ కిందట జ్వరం వచ్చి, తల్లి ఒళ్ళోనే కన్నుమూశాడు. ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. మేస్త్రికీ తెలుసు. తెలిసే అన్నాడా అంటే, లేదు, నోటికొచ్చింది అన్నాడు. కానీ అన్న మరుక్షణం తానేమన్నాడో తెలిసింది. తెలిసి కూడా, "నేనన్నది చేపల గురించి" అని ఒక్క ముక్క అనలేదు.

అత్తగారు ఏడవలేదు. తొట్టి మీంచి చెయ్యి తీసి, కొంగుతో తుడుచుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె చేతులు పని మానేశాయి. మేడెక్కడం మానేసింది. కూర తరగమంటే "నువ్వు తరుగమ్మా" అనేది. కుంపటి పక్కన పిల్లిలా ఓ మూల కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కుడుతున్న దుప్పటి సూదితో సహా అలాగే ఉండిపోయింది. భార్య మేస్త్రితో మాట్లాడటం తగ్గించింది. అడిగితే "ఊ", అడక్కపోతే అదీ లేదు. కొన్నాళ్ళకి అన్నీ సర్దుకుంటాయిలే అనుకున్నాడు ఆయన.

రెండు వారాలకి మిగిలిన చేపలూ పోయాయి. తొట్టి కడుగుదామని గొట్టం విప్పాడు. అతుకు దగ్గర చేతికి పచ్చగా అంటింది. గొట్టంలోకి చూస్తే లోపలంతా చిలుము. ఆ నీళ్ళు సీసాలో పోసుకుని చేపల కొట్టుకి పరుగెత్తాడు.

కొట్టాయన నీళ్ళను రెండు మందు చుక్కలతో పరీక్షించి, "పుల్లబడిపోయాయి. గొట్టం దేంతో చేసింది వాడారు?" అన్నాడు.

"రాగి."

"చేపకి రాగి విషమండీ! అందులోనూ నీళ్ళు పుల్లబడితే లోపలున్న రాగినంతా లాగేస్తాయి. ఎవరింట్లో ఇది?"

మేస్త్రి నోట అబద్ధం దానంతటదే వచ్చింది. "మాది కాదు. మా చుట్టాలాయనది."

"అదీ సంగతి. ఎవడో పని రానివాడు బిగించుంటాడు పాపం" అన్నాడు కొట్టాయన. ఆయనకేం తెలుసు? మేస్త్రికి మాత్రం తల కొట్టేసినట్టయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, జేబులో ఉన్న పానా బయటికి కనపడుతోందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. దారిపొడుగునా చెవుల్లో ఒకటే మాట: కళాయి వేయించారా బాబూ?

మంచిది. ఇప్పుడు తెలిసింది కదా, వెళ్ళి చెప్పాలా వద్దా? చెప్పలేదు. గొట్టాన్ని గోనెసంచిలో చుట్టి మెట్ల కింద దాచాడు. దాని చోట ప్లాస్టిక్ గొట్టం, జిగురు పూసి మరీ, అతికాడు. "ఎందుకు మార్చారు?" అని భార్య అడిగితే, "లీకు" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాడు. అత్తగారి గదికి ఒకరోజు పళ్ళు పట్టుకెళ్ళాడు. ఇంకోరోజు మెత్తటి దిండు. వదులైన ఆమె కళ్ళజోడు బిగించి తెచ్చాడు. నోటితో చేసిన గాయానికి పళ్ళతో కట్టు కడతాడట మహానుభావుడు! ఆమె ప్రతిసారీ "అక్కడ పెట్టండి బాబూ" అనేది. ఆ గది గుమ్మం దాటి బయటికొచ్చేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయేది. చెప్పడానికి ముఖం చెల్లేది కాదు. నెల గడిచింది. గడిచిన ప్రతి రోజూ చెప్పడాన్ని ఇంకాస్త కష్టం చేసింది.

అప్పుడు మేస్త్రి కూతురు వచ్చింది, మూడు నెలల పాపతో. రావడం రావడమే చెప్పులైనా విప్పకుండా అమ్మమ్మ కుర్చీ దగ్గరికి వెళ్ళి, "పట్టుకో అమ్మమ్మా, నీ మునిమనవరాలు!" అని పాపని చాచింది.

ముసలమ్మ చేతులు రెండూ కొంగు కిందికి పోయాయి.

"వద్దమ్మా. నా చేతులు బాగోలేవు."

"నొప్పులా? ఏం పర్లేదు, ఒళ్ళో పెడతాలే."

"వద్దన్నానా! దూరంగా తీసుకెళ్ళు!" కళ్ళు మాత్రం పాప మీదే ఉన్నాయి, రెప్ప వేయకుండా.

కూతురు బిత్తరపోయి తల్లి వంక చూసింది. తల్లి మొగుడి వంక చూసింది. మేస్త్రి అక్కడ నిలబడలేకపోయాడు. మెట్ల కిందికి వెళ్ళి, గోనెసంచి విప్పి, ఆ గొట్టం పట్టుకొచ్చి అత్తగారి కాళ్ళ దగ్గర పెట్టాడు.

"అత్తయ్యా, చేపల్ని చంపింది నేను. ఇదిగో, ఇది. మీరు ముందే అడిగారు కళాయి అని. నవ్వాను. నెల నుంచి నాకు తెలుసు, చెప్పలేకపోయాను. మీ అన్నం మెతుకుల తప్పు కాదు."

ఇంత చెప్పేసరికి గుండె బరువు దిగుతుందనుకున్నాడు పాపం. లీకెక్కడో దొరికితే పని సగం అయిపోయినట్టేనని ఆయన లెక్క.

అత్తగారు గొట్టం వంక చూడనైనా చూడలేదు. "పైపు సంగతి నాకు ఆ రోజే తెలుసు బాబూ. అతుకు దగ్గర చిలుము కనపడింది. అదే చెప్పబోయాను."

"మరి... తర్వాతైనా ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"చెప్పి ఏం చెయ్యను? మీరన్నది చేపల మాట కాదుగా."

ఆమే మళ్ళీ అంది, నెమ్మదిగా, ఎవరినీ నిందించనట్టు. "వాడు పోయినప్పటి నుంచీ ఆ మాట నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. పైకి ఎవరూ అనలేదు. అందుకే అబద్ధమేమోలే అనుకునేదాన్ని. మీరు అన్నారు."

మేస్త్రి నేల మీద కూలబడ్డాడు. "అబద్ధమే అత్తయ్యా. పదిమంది ముందు నా పని చెడిందని ఒప్పుకోలేక అన్నాను. నాది మనిషి నోరు కాదు. తప్పయిపోయింది." ఇంకేదో ఉంది చెప్పాల్సింది, అది దొరక్క తడుముకున్నాడు. కూతుర్ని చూస్తే దొరికింది. "ఇది ఎనిమిదో నెలలోనే పుట్టింది. బతకదన్నారు. నేను భయపడి ముట్టుకోనైనా ముట్టుకోలేదు. మూడు నెలలు గుండెల మీద పెట్టుకుని పెంచింది మీరు. అది తెలిసీ అన్నాను ఆ మాట."

కూతురికి అప్పటికి కథ సగమే అర్థమైంది. అది చాలు. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "నేను నీ చేతిలో బతికినదాన్నే కదమ్మమ్మా. ఇది నా కూతురు. పట్టుకో" అంది.

కొంగు కింద చేతులు కాసేపు కదల్లేదు. తర్వాత ఒకటి బయటికొచ్చింది, ఆ తర్వాత రెండోది. పాపని ఒళ్ళోకి తీసుకుని, మెడ కింద మోచెయ్యి సర్దింది. నెలన్నరగా పని లేని ఆ చేతులు సన్నగా వణుకుతున్నాయి. పాప ఎక్కడ జారుతుందోనని మేస్త్రి గబుక్కున చేతులు చాచాడు.

"మీరు ముట్టుకోకండి బాబూ" అంది అత్తగారు. ఆ గొంతులో కోపం లేదు. చేపలను కసురుకున్నప్పటి గొంతే. "చేతులకి చిలుము ఉంది. పసిబిడ్డ. కడుక్కుని రండి."

మేస్త్రి తన చేతులు చూసుకున్నాడు. రెండు అరచేతులూ పచ్చగా ఉన్నాయి. లేచి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బు రుద్దడం మొదలుపెట్టాడు. పచ్చదనం పోయాక కూడా రుద్దుతూనే ఉన్నాడు. కాసేపటికి భార్య వచ్చి కుళాయి కట్టేసింది.