పత్రి సంచిలో తోటకూర

వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్తాకు కూడా ఉండాలి. మా మిరపచేను గట్టున అది ఏపుగా పెరిగేది. బాకాల్లాంటి తెల్లటి పూలు, ముళ్ళకాయలు, ఆకు నలిపితే కడుపులో తిప్పే వాసన. దాన్ని మేకలు కూడా ముట్టవని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీల్లేదు.

అప్పుడు పదో తరగతి. ఆ పొద్దున పత్రీ, తోటకూరా కోసి ఒకే సంచిలో కుక్కుకొచ్చాను. పూజకని పైపైన గుప్పెడు తీసిచ్చాను.

“పత్రి అంతా ఏరేశావా? మిగిలింది కూరేనా?” అంది అమ్మ.

“ఆ, కూరే,” అన్నాను, ఫోన్‌లోంచి తలెత్తకుండా. ఫోన్ చూస్తూనే తరిగిచ్చాను కూడా.

మేమంతా పులిహోర, ఉండ్రాళ్ళతో కడుపు నింపుకున్నాం. పళ్ళు లేని నాయనమ్మ మాత్రం మెత్తగా ఉంటుందని తోటకూర పప్పు కలుపుకుంది.

“చేదుగా ఉందేందే?”

“జ్వరమొచ్చి లేచారుగా అత్తయ్యా, నోరు చెడి ఉంటది. తినండి,” అంది అమ్మ.

కాసేపటికి నోరెండిపోతోందని చెంబులకొద్దీ నీళ్ళు తాగింది. ముఖం ఎర్రబడింది. తర్వాత మంచం మీద కూర్చుని గాల్లోంచి ఏదో తుంచి ఒళ్ళో వేసుకోసాగింది. పత్తి తీస్తోంది. “వానొచ్చేట్టుంది, బిరబిరా తీయండే!” అని కసిరింది. నాకు నవ్వొచ్చింది. సిగ్గులేకుండా నవ్వాను. ఆమె నా వైపు తిరిగింది. నల్లగుడ్లు కళ్ళంతా పరుచుకున్నాయి. నేనెవరో ఆమెకు తెలియలేదు.

నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరు కళ్ళలోకి టార్చి వేసి చూశాడు. “చానా ప్రమాదం. కూరలో ఉమ్మెత్త గాని పడిందా? ఎవరు తరిగారు?”

అమ్మ నా వంక ఒక్కసారి చూసింది.

“నేనేనండి,” అంది.

మూడో రోజుకు నాయనమ్మకు తెలివొచ్చింది. పత్తి సంగతి గుర్తులేదు. చేదు గుర్తుంది, అమ్మ మాట గుర్తుంది. “చేదంటే నోరు చెడిందని తినిపిచ్చింది,” అని పలకరించడానికి వచ్చిన ప్రతి పిన్నికీ చెప్పింది. అత్తకు ఉమ్మెత్త పెట్టిన కోడలని వీధంతా అనుకున్నారు. అమ్మ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఆ పిరికితనం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇంకో నాలుగేళ్ళు బతికింది నాయనమ్మ. అమ్మ వండిన మెతుకు ముట్టలేదు. నేను వండి, నేను వడ్డిస్తేనే తినేది.

“నా మనవరాలి చేతిదైతే నాకు భయం లేదు,” అనేది, అమ్మకు వినపడేట్టు.