చప్పుడు చేయని కారు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నాకింకా తల నెరవలేదు. జరిగి నాలుగేళ్ళే అయింది. అయినా భయపడ్డ రోజులు మామూలు రోజులకన్నా తొందరగా పాతబడతాయేమో, తలచుకుంటే అదేదో వేరే జన్మలో జరిగినట్టుంటుంది. అప్పుడు నేను యూనివర్సిటీలో ఒక ప్రాజెక్టులో కొత్తగా చేరి, తార్నాకలో మా పెద్దనాన్న వాళ్ళింట్లో ఉండేదాన్ని. నన్ను భయపెట్టని వస్తువు లోకంలో లేదు. కుక్కర్ కూసినా ఉలిక్కిపడేదాన్ని, లిఫ్టు ఎక్కితే కళ్ళు మూసుకునేదాన్ని. (పెద్దమ్మ చర్చిలో అందరికీ దాన్ని 'దైవభీతి' అని చెప్పుకునేది.)

పెద్దనాన్న హెడ్ క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. మనిషి మంచివారే గాని, పెట్రోలు పేరెత్తితే ముఖం మారిపోయేది. పాత కారు ఉన్నన్నాళ్ళూ సిగ్నల్ పడగానే ఇంజిన్ ఆపేసేవారు, మే నెల ఎండలో కూడా ఏసీ వేసేవారు కాదు, లావుపాటి చుట్టాలు వెనక సీట్లో కూర్చుంటే అద్దంలోంచి అదోలా చూసేవారు. చివరికి దాన్ని అమ్మేసి హైబ్రిడ్ కారు కొన్నారు. "నెమ్మదిగా పోతే కరెంటు మీదే పోతుందమ్మా. చుక్క పెట్రోలు తాగదు. బ్రేకేసినప్పుడల్లా బ్యాటరీ అదే నింపుకుంటుంది" అని వచ్చినవాళ్ళందరికీ వాక్యం బోధించినట్టు బోధించేవారు. ఆ సంబరం మూడు నెలలు కూడా నిలవలేదు. కళ్ళలో శుక్లాలు ముదిరాయనీ, ఆపరేషన్ అయ్యేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దనీ డాక్టరు చెప్పేశాడు. పెద్దమ్మకేమో మోకాళ్ళ నొప్పులు, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ. ఆటో మెట్టుకి ఆవిడ కాలు లేవదు. ఇంట్లో లైసెన్సు ఉన్నది నాకొక్కదానికే. (అది చేతికొచ్చిన రోజు నుంచీ నేను ఏ బండీ ముట్టుకోలేదన్నది వేరే సంగతి.)

అలా రోజూ పొద్దున్నే క్యాంపస్ రోడ్ల మీద నా శిక్ష, అంటే శిక్షణ, మొదలైంది. నాకు మనుషులంటే భయం, కుక్కలంటే భయం, వెనకనుంచి వచ్చే బస్సంటే ప్రాణభయం. పక్కన కూర్చున్న పెద్దనాన్నకి ఇవేవీ పట్టేవి కావు. మసక కళ్ళతోనే ముందున్న తెరకి ముక్కు ఆనించి, అందులో పెట్రోలు బొమ్మ వెలుగుతుందేమోనని చూస్తూ ఉండేవారు. "నెమ్మదమ్మా, నెమ్మది! ఇంజిన్ని లేపకు!" అని, ఉయ్యాలలో పసిపిల్ల పడుకున్నట్టు గుసగుసగా అరిచేవారు.

నాలుగో రోజు ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గరికి రాగానే ఆయనకి హఠాత్తుగా అనుమానమొచ్చింది. "వెనక టైర్లో గాలి తగ్గినట్టుందే. గాలి తగ్గితే మైలేజీ పడిపోతుంది. దిగి చూడు." ఆపాను. కారులో ఏ చప్పుడూ లేదు. చప్పుడు లేదంటే ఆగిపోయిందనే కదా నేను నేర్చుకున్నది! బెల్టు తీసి దిగాను. కారు టింగు టింగుమని మొత్తుకుంది గాని, అది రోజూ ఏదో ఒకదానికి మొత్తుకునేదే. వెనక్కి నడిచి టైరు ముందు గొంతుక్కూర్చున్నాను. గాలి బాగానే ఉన్నట్టుంది అనుకుంటుండగానే ఆ టైరు నా కళ్ళముందే మెల్లగా తిరిగి, నన్ను వదిలేసి వెళ్ళిపోయింది.

అంతవరకూ స్పీడ్ బ్రేకర్‌కి ఆని నిలబడ్డ కారు దాన్ని ఎక్కి దిగింది. అవతల రోడ్డు పల్లంగా ఉంది. అక్కడే, రోడ్డు అంచున, ఒక ముసలావిడ వంగిన చింతకొమ్మ పట్టుకుని చిగురు దూసి ఒళ్ళో వేసుకుంటోంది. వీపు ఇటువైపు. కారుకి చప్పుడు లేదు, ఆవిడకి తెలిసే దారి లేదు. "అవ్వా! జరుగవ్వా!" అని అరిచాననుకున్నాను, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. లోపల పెద్దనాన్న బెల్టులో ఇరుక్కుని, "అమ్మడూ! అమ్మడూ! ఇది పోతోందే!" అంటున్నారు. పరుగెత్తాను. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. తెరిచే ఉన్న తలుపు పట్టుకుని, సగం ఒళ్ళు లోపలికి తోసి, కాలికి ఏది తగిలితే అది తొక్కాను. అది బ్రేకే అయింది. దేవుడి దయ తప్ప అందులో నా తెలివి ఇసుమంత కూడా లేదు.

కారు ఆగింది. బానెట్‌కీ అవ్వకీ మధ్య జానెడు ఖాళీ కూడా లేదు. అవ్వ వెనక్కి తిరిగి చూసి, రెండు చేతులతో బానెట్ మీద ఒక్క చరుపు చరిచింది.

"ఏందిది? పిల్లి లెక్క వస్తున్నది! సప్పుడు లేదు, హారన్ లేదు. నా పానం పోతుండె గదనే!"

నాకు ఏడుపొచ్చింది. అద్దంలోంచి పెద్దనాన్న ముఖం చూసేసరికి అవ్వ గొంతు మారింది. "అయ్యో, గీ సారు సచ్చేటట్టు వణుకుతున్నడు. దిగు సారూ, గీడ కూసో. పరేషాన్ గాకు, నాకేం గాలే." తన నీళ్ళ సీసా ఆయన చేతిలో పెట్టింది. చంపబోయినవాళ్ళం మేము, ఓదార్చింది ఆవిడ. మాణికేశ్వర్ నగర్‌లో ఇల్లట. దింపుతామంటే, "వద్దు బిడ్డా, నీ బండి ఎక్కుడు కంటే నడుసుడే నయం" అని వెళ్ళిపోయింది.

ఎలాగో కారుని ఇంటికి చేర్చాను. ఇప్పుడు నా పరువు పోతుంది, మా నాన్నకి ఫోన్ వెళ్తుంది అని గుమ్మంలోనే నిలబడ్డాను. "ఇద్దరి ముఖాలూ అలా ఉన్నాయేంటండీ?" అంది పెద్దమ్మ. పెద్దనాన్న మంచం మీద కూర్చుని తల వంచుకున్నారు. "దిగేముందు గేరు పార్కింగ్‌లో పెట్టాలని పిల్లకి చెప్పలేదు. నా దృష్టంతా పెట్రోలు మీదే. ఒక మనిషిని చంపేసేవాడినే." నా పేరు ఎక్కడా ఎత్తలేదు.

మర్నాడు జ్వరమని దుప్పటి ముసుగేశాను. పెద్దమ్మ కుంటుకుంటూ వచ్చి నుదుటి మీద చెయ్యిపెట్టి, "జ్వరం లేదే. నాకూ భయమేనమ్మా. కానీ నువ్వు కాకపోతే నన్నెవరు తీసుకెళ్తారు?" అంది. లేచాను. ఆసుపత్రి దాకా ఎలా నడిపానో తెలియదు గాని, వెనక సీట్లో పెద్దమ్మ కళ్ళు మూసుకుని పైకే ప్రార్థన చేస్తోంది. దారిలో ఇంజిన్ రెండుసార్లు గుర్రుమని లేచింది. పెద్దనాన్న విననట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు లాలాపేట్ సందుల్లో కూడా ఒక్కచేత్తో తిప్పేస్తుంటాను. ఎప్పుడైనా ముందు 'ఎల్' బోర్డు కారు కనిపిస్తే హారన్ కొట్టబుద్ధి కాదు. దాని వెనకే నిదానంగా పోతూ, స్టీరింగ్‌ని ఉరితాడులా పట్టుకున్న నాలుగేళ్ళ కిందటి ఆ పిరికిపిల్లని తలచుకుని నవ్వుకుంటాను. నిజం చెప్పాలంటే, అంత వణుకుతూ కూడా తాళం చేతిలోకి తీసుకున్న ఆ పిల్లంటే నాకు కొంచెం గౌరవం. ఇప్పటి నాకు అంత ధైర్యం ఉందో లేదో.