తోకలో పురుగు

మా నాయన కుక్కపిల్లల తోకలు పొద్దున్నే, ఎండెక్కకముందే కోసేవాడు. కళ్ళు తెరవని పిల్లలకు నొప్పి తెలియదనేవాడు. తెలియకపోతే అవి అంతగా ఎందుకు అరిచేవో నాకు అర్థమయ్యేది కాదు.

ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో ఒక చిన్న పల్లె మాది. మెట్ట చేలు, గొర్రెలు, వాటికి కాపలాగా కుక్కలు. కుక్క ఈనిందంటే మా అమ్మ ఏదో ఒక పని పెట్టుకుని చేలోకి వెళ్ళిపోయేది. తమ్ముడు చిన్నవాడు. పిల్లల్ని పట్టుకునే పని నాకు పడేది. తల్లికుక్కను దొడ్డి గుంజకు కట్టేసి, నాయన తుమ్మమొద్దు ముందు కూర్చునేవాడు. నేను పిల్లను బోర్లా పడుకోబెట్టి, వెనక కాళ్ళు రెండూ కలిపి పట్టుకోవాలి. చేతికింద దాని గుండె టకటకా కొట్టుకునేది.

"గట్టిగా పట్టుకో పాపా, కదిలితే ఇంకోసారి కొయ్యాల్సొస్తాది."

కత్తి ఒక్కసారి దిగేది. పిల్ల ఒంట్లో ఉన్న గొంతంతా ఒకేసారి బయటికొచ్చేది. నాయన గాయం మీద బూడిద, పసుపు అద్ది పక్కన పెట్టి, "ఇంకోటి ఇటియ్యి" అనేవాడు. కోసిన ముక్కలు తల్లి ముందు వేసేవాడు. తింటే పాలు బాగా పడతాయట. ఆ కుక్క వాటిని వాసన చూసేది, నాకేది. తినేది కాదు. తడిసేదాకా నాకి, ముందుకాళ్ళ మధ్య పెట్టుకుని మా వైపు చూస్తూ ఉండేది.

ఒక ఏడు ఒక తెల్ల పిల్లకు గాయం మానలేదు. ఈగలు వాలి పురుగు పట్టింది. దాన్ని గుడ్డలో చుట్టి వేపనూనె రాస్తుంటే నాయన చూశాడు. నా చేతిలోంచి తీసుకుని, మెడ పట్టుకుని, కంపచెట్ల అవతలికి విసిరేశాడు. సాయంత్రందాకా అది అరుస్తూనే ఉంది. తల్లి గుంజ చుట్టూ తిరిగి తిరిగి గొలుసుతో తనకు తనే బిగుసుకుపోయింది.

"ఎందుకు నాయనా కొయ్యడం?" అని ఆ రోజే అడిగాను.

ఆయన కసురుకోలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. తోడేలు మీదపడితే ముందు దొరికేది తోకే. పట్టిందంటే కుక్క తిరగలేదు, పేగులు బయటపడతాయి. కొండ దిగువన పల్లేరుకాయలు, ముళ్ళకంప. తోక చీరుకుపోయి పుండ్లు పడుతుంది. ఇవన్నీ చెప్పాక గొంతు తగ్గించాడు.

"అసలు సంగతి అది గాదు పాపా. తోక మొదట్లో తెల్లగా నరం మాదిరి ఒక పురుగు ఉంటాది. అది పెరిగి తలకాయలోకి ఎక్కితేనే కుక్కకి పిచ్చి. తోక తీసేస్తే పురుగూ పోతాది. తోకలేని కుక్కకి పిచ్చి రాదు."

"ఎవురు చెప్పినారు?"

"మా నాయన. ఆయన తెల్లదొర దగ్గర కుక్కల్ని సాకినాడు. దొర కుక్కలన్నీ మొండితోకలే. అడిగితే దొరే చెప్పినాడంట. దొరలకి తెలీకుండా ఉంటాదా?"

కోసిన తోకలోంచి తెల్లటి నరం ఒకటి సాగి రావడం నేనూ చూశాను. అందుకని నమ్మాను.

ఆ నమ్మకంతోనే ఆయన ఊళ్ళో కుక్కల్ని చంపేవాడు. పక్క ఊళ్ళో పిచ్చికుక్క తిరుగుతోందని కబురు వస్తే చాలు, దుడ్డుకర్ర తీసుకుని బయలుదేరేవాడు. వెంట నలుగురు. తోక ఉన్న కుక్క ఏది ఎదురుపడినా దాని పని అయిపోయినట్టే. ఒకసారి మా ఎదురింటి లారీ డ్రైవరు పెంచుకునే పసుపు కుక్కను వాళ్ళ గుమ్మంలోనే కొట్టాడు. అది తోక ఊపుతూ ఎదురొచ్చింది. డ్రైవరు భార్య ఉర్దూలో ఏడుస్తూ తిడుతుంటే నాయన చెమట తుడుచుకుని, "నీ పిల్లల కోసమే గదమ్మా" అన్నాడు. ఆయన మనసులో నిజంగా అదే ఉంది.

నేను పదో తరగతి రాసి ఇంట్లో ఉన్న ఎండాకాలం, పట్టపగలు ఒక నక్క మందలోకి వచ్చింది. మనుషుల్ని చూసి పారిపోలేదు. మా ఎర్రకుక్క దాని మీద పడింది. మా కుక్కలన్నిటిలో పొగరైనది అదే, దాని తోక నాయన మొదలంటా కోసేశాడు. నక్కను చంపేసింది గాని మూతి చీరుకుంది. నాయన ఆ రోజు దానికి తన కంచంలోంచి కూర వేసి పెట్టాడు.

కొన్ని వారాలకు ఎర్రకుక్క తిండి మానేసింది. అరుపు మారింది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు బొంగురుగా. మట్టి తింటోంది, చొంగ కారుస్తోంది. గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని నాయన దాని నోరు తెరిచి చెయ్యి పెట్టాడు. కుక్క మణికట్టు పట్టుకుంది. విడిపించేసరికి చేతి ఎముక కనబడింది.

రెండో రోజుకి కుక్క చచ్చిపోయింది. లారీ డ్రైవరు ఆ సంగతి విని మా ఇంటికొచ్చాడు. తన కుక్కను చంపిన మనిషి గుమ్మంలో నిలబడి అన్నాడు.

"అన్నా, లారీ ఆత్మకూరికే పోతా ఉండాది. ఎక్కు. ఆసుపత్రిలో బొడ్డు చుట్టూ సూదులు వేస్తారు. నొప్పే, కానీ బతుకుతావు."

"నాకేమైందని? దానికి తోకే లేదు గదా. ఎవురో మందు పెట్టి చంపినారు."

"అన్నా, నా మాట ఇను."

"తోకలేని కుక్కకి పిచ్చి ఏంది? పో, నీ గిరాకీ చూసుకో."

అమ్మ కాళ్ళు పట్టుకుంది. నేను ఏడ్చాను. చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి, సూదులు కూడా వేయించుకోమని చెప్పాడు. నాయన అందరికీ ఒకటే జవాబు చెప్పాడు. ఒప్పుకుంటే, ఇన్నాళ్ళూ కోసిన తోకలకూ కొట్టిన కుక్కలకూ అర్థం ఏముంది? అది నేను ఇప్పుడు అనుకునే మాట. అప్పుడు మొండితనమనే అనుకున్నాను.

గాయం మానిపోయింది. వానలు పడ్డాయి, కోతలయ్యాయి. ఒకరోజు చెయ్యి తిమ్మిరెక్కుతోందన్నాడు. మర్నాడు అమ్మ చెంబుతో నీళ్ళిస్తే, నోటిదాకా తీసుకెళ్ళి విసిరికొట్టాడు. మెడ నరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. తలుపు తీస్తే గాలికి కూడా ఒళ్ళు విరుచుకుపడేది. పడుకున్నవాడు లేచి కూర్చుని, "వాకిలి ఎయ్యండి, వాకిలి" అని కేకలు పెట్టేవాడు.

ఆ డ్రైవరే లారీలో ఆత్మకూరు తీసుకెళ్ళాడు. డాక్టరు మణికట్టు మచ్చ చూసి, గ్లాసుతో నీళ్ళు తెప్పించి దూరంనుంచి చూపించాడు. నాయన గోడకు కరుచుకుపోయాడు. ఇక చేసేదేమీ లేదనీ, ఇంటికి తీసుకుపొమ్మనీ డాక్టరు చెప్పాడు.

మధ్య మధ్య ఆయనకు తెలివి ఉండేది. అదే అన్నిటికంటే ఘోరం.

"నన్ను కట్టేయండి" అన్నాడు మా అమ్మతో. "పిల్లల్ని దగ్గరికి రానీయబాకు."

గొర్రెలు కట్టే తాళ్ళతో మంచానికి కట్టారు. ఊరంతా కిటికీ దగ్గర నిలబడి చూసింది. దాహం, దాహం అని ఆయనే అడిగేవాడు. నీళ్ళ చప్పుడు వింటే ఆయనే అరిచేవాడు. నేను తడిగుడ్డతో పెదాలు తుడవబోతే గుడ్డను చూసి వణికిపోయాడు. చివరికి నన్ను గుర్తుపట్టి, "పాపా, దానికి తోక లేదే. నేనే కోసినాను గదా" అన్నాడు. సమాధానం కోసం నా మొహంలోకి చూశాడు. మర్నాడు పొద్దున పోయాడు.

మట్టి చేసిన రోజే ఊరివాళ్ళు మా దొడ్డిలోని కుక్కల్ని, పాలు తాగే పిల్లలతో సహా, కొట్టి చంపారు. కుక్కలు లేని మందను తోడేళ్ళు వదల్లేదు. మిగిలిన గొర్రెల్ని అమ్మేసి మేము ఆత్మకూరు చేరాం. అమ్మ కూలికి వెళ్ళి నన్ను చదివించింది. నాకు బడిపంతులమ్మ ఉద్యోగం వచ్చింది.

మా పక్క వాటాలో పశువుల డాక్టరు ఉండేవాడు. ఒక ఆదివారం నెల్లూరు నుంచి కారులో ఎవరో విదేశీ జాతి కుక్కపిల్లను తెచ్చి, తోక కత్తిరించమన్నారు. వాళ్ళు వెళ్ళాక నేను ఆయనతో మా నాయన సంగతి చెప్పి, ఆ తోకలో పురుగు మాట ఎక్కడిదని అడిగాను.

"మీ తాతగారికి దొర చెప్పాడంటే ఆశ్చర్యం లేదమ్మా" అన్నాడాయన. "రోము రాజ్యం రోజుల నుంచీ ఆ దొరల దేశాల్లో ఉన్న నమ్మకమే. తోకలో పురుగు, దానివల్ల పిచ్చి అని పుస్తకాల్లో రాశారు. నువ్వు చూసింది నరమే, పురుగు కాదు. తర్వాత ఇంగ్లండులో కుక్కల మీద పన్ను వేశారు. మంద కాసే కుక్క, బండి తోలేవాడి కుక్క పేదవాడివి గనక వాటికి మినహాయింపు. పనికుక్క అని గుర్తు తెలియడానికి తోక కోసేవారు. వేటకుక్కలకైతే ముళ్ళకు చీరుకుపోతుందని. ఆ పన్ను ఎప్పుడో పోయింది. పిచ్చి కాటు వల్ల, చొంగ వల్ల వస్తుందని అందరికీ తెలిసింది. కోయడం మాత్రం ఆగలేదు."

ఇంటికొచ్చి అదంతా అమ్మకు చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ వింది.

"ఈ పొద్దు వచ్చిన పిల్లకి కోసినాడా?"

"కోసినాడు. మత్తు ఇచ్చి."

"అది గొర్రెలు కాస్తాదా?"

"లేదు. మేడలో ఉంటాది."

"మరి దేనికి?"

"అందానికంట."

అమ్మ చెయ్యి ఆగింది. "అందానికా" అంది. తర్వాత చేట పక్కన పెట్టి, గోడకు ఆనుకుని, మా నాయన పోయిన నాడు కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది.