పీరు పెట్టిన పేరు

మా బాపు పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లు కూడా ఆయనకో మతం అంటగడతారు. ఆ పని ఇప్పటికే చాలామంది చేశారు, ఇక చాలు. కథలాపూర్ పక్క పల్లెలో గౌండ్ల ఇంట పుట్టి, మీసం రాకముందే తాడెక్కి కల్లు గీయడం మొదలుపెట్టిన మనిషి ఆయన. పేరు మాత్రం పీరుది. మొహర్రం నెలలో ఊళ్లో పీరీలు నిలబెట్టినప్పుడు మొక్కుకోవడం, పుట్టినవాడికి ఆ పీరు పేరే పెట్టి చివర 'అయ్య' తగిలించడం మా వైపు వింతేమీ కాదు. పాత ఓటరు లిస్టు తిరగేస్తే వాడకొకరు దొరుకుతారు.

ఆ పేరుతో దెబ్బ తిన్నది నేను. సిరిసిల్లలో టీచరుగా చేరి గది వెతుక్కుంటుంటే ఒక ఇంటావిడ చాయ్ ఇచ్చింది, కులం అడిగింది, తమ చిక్కుడుకాయ కూర రుచి కూడా చూపించింది. ఆఖరికి ఆధార్ కార్డు అందుకుంది. తండ్రి పేరు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"గిది మీ బాపు పేరా?"

"అవును."

"మరి గౌండ్లోళ్లమంటివి?"

"గౌండ్లోళ్లమే."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, "మా అత్తకు మోకాళ్ల నొప్పులు. కిరాయికిచ్చుడు బంద్ పెట్టినం" అంది. అత్త మోకాళ్లకూ నా గదికీ సంబంధమేమిటో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

రెండో ఇంటాయన అదే కార్డు చూసి మురిసిపోయాడు. "మనోళ్లే" అంటూ తాళంచెవి చేతిలో పెట్టాడు. నెల తిరగ్గానే నేను వాకిట్లో బతుకమ్మ పేరుస్తుంటే చూసి, మోసపోయిన మనిషిలా నిలబడ్డాడు. ఖాళీ చేయమనలేదు, మర్యాదస్తుడు. కానీ సలాం మానేశాడు. కొన్నాళ్లకు నేనే సిగ్గుపడి ఖాళీ చేసి, రోజూ ఊరి నుంచి రెండు బస్సులు మారి బడికి పోవడం మొదలుపెట్టాను. కోపం మాత్రం ఆ ఇళ్లవాళ్ల మీద రాలేదు. తేరగా దొరికిన బాపు మీద వచ్చింది.

"పేరు మార్చుకో బాపూ" అని పోరేదాన్ని.

"ఇన్నేండ్లు పలికిన పేరు బిడ్డా. కొత్తదానికి పలుకుడు యాదికుంటదా?" అని నవ్వేవాడు.

అంతలో పంచాయతీ ఎన్నికలు వస్తాయన్న గాలి మొదలైంది. ఒక పార్టీవాళ్లు లిస్టులో పేరు చూసి, కోరుట్లలో ఇఫ్తార్ విందుకు బాపును పిలిచారు. అప్పుడాయన హనుమాన్ మాలలో ఉన్నాడు. దీక్ష పట్టిన రోజుల్లో కల్లు గీస్తాడు కానీ చుక్క నోట్లో వేయడు. తియ్యగుందా పుల్లగుందా అని ఎవరైనా అడిగితే, నువ్వే తాగి చెప్పమంటాడు. పెద్దోళ్లు పిలిస్తే పోకపోతే బాగుండదని కాషాయం బట్టలు, మెడలో మాల, కాళ్లకు చెప్పుల్లేకుండా అలాగే పోయాడు. ఖర్జూరాలు తిన్నాడు. పండ్లకు దీక్ష అడ్డమేముంది? నాయకుడు ముందు బిత్తరపోయాడు, తర్వాత తేరుకుని భుజాన చెయ్యేసి ఫోటో దిగాడు. తెల్లారేసరికి అది ఊరందరి ఫోన్లలో ఉంది. కింద రాసిన మాట: 'మైనారిటీ పెద్దలతో'.

ఆ ఫోటో చూసి అవతలి పార్టీ కుర్రవాళ్లు నలుగురు మా ఇంటికి వచ్చారు. వాళ్లతో జగిత్యాల నుంచి ఒక విలేకరి. వాళ్లలో ఇద్దరు రోజూ మా బాపు దగ్గరే కల్లు తాగేవాళ్లు.

"స్వామీ, మిమ్ముల మల్ల మన ధర్మంలకు తీసుకపోతందుకు అచ్చినం" అన్నాడు పెద్దవాడు, చేతులు జోడించి.

మాలలో ఉన్న బాపు తన మెడ వైపు చూసుకున్నాడు. "నేనెప్పుడు బయటికి పోయిన?"

"గట్ల గాదు స్వామీ. కాయిదం మీద."

వేములవాడలో పూజ, అక్కడే కొత్త పేరు, పేపర్లో ఫోటో. అంతా ఖాయం చేసుకునే వచ్చారు. నవ్వాలో ఏడవాలో తెలియని ఆ కచేరీలో నేను ఎవరి పక్షమో చెప్పాలి కదా. వాళ్ల పక్షమే. చాయ్ పెట్టింది నేను. పేరు మార్పు ఫారం నెల ముందే తెచ్చి, కొత్త పేరు గడి తప్ప అంతా నింపి, బీరువాలో పెట్టుకున్నదీ నేనే. అది తెచ్చి, పెన్నుతో సహా బాపు ఒళ్లో పెట్టాను.

బాపు నా ముఖం చూసి పెన్ను అందుకున్నాడు. "బిడ్డకు గది దొరుకుతదంటె మార్సుకుంట తియ్యి" అన్నాడు.

కుర్రవాడు జేబులోంచి పేర్ల పట్టీ తీసి చదవబోయాడు. గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న మా బాపమ్మ, బాపు తల్లి, తలెత్తింది. "జెర గట్టిగ సదువు కొడుకా" అంది.

మొదటి పేరు చదివాడు. దేవుడి పేరే.

"గది నా పెద్దోనికి వెట్టిన."

రెండోది చదివాడు.

"గది నడిపోనికి."

"మరి ఆళ్లేరి అవ్వా?" అన్నాడు విలేకరి, రాసుకోవడానికి సిద్ధమవుతూ.

"శెల్కల బొందవెట్టినం. ఒకడు నెలకు, ఒకడు ఏడాదికి." బాపమ్మ చేతులు చింతపండులోనే ఉన్నాయి. "మూడోసారి కడుపు పండంగ దేవుళ్లను అడుగుడు శాతగాక పీరునడిగిన. నిలిపిండు. దినాం తాడెక్కుతడు వీడు. మీరు ఏ పేరన్న పెట్టుండ్రి, నేనొద్దంటనా? వీడు మీదికెక్కినప్పుడు కింద నిలవడేటోడెవడో గది సెప్పి పెట్టుండ్రి."

కుర్రవాడు పేర్ల పట్టీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. చాయ్ చల్లారిపోయింది. పోతాం స్వామీ అని నలుగురూ లేచారు. విలేకరి వాళ్ల వెనకే పోయాడు.

మా బాపుకు ఇద్దరు అన్నలుండేవారని నాకు ఆ రోజు వరకు తెలియదు. ఆయనకు తెలుసు. తన పేరు ఎందుకొచ్చిందో చిన్నప్పటి నుంచి తెలిసే, నేను పోరినన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాడు. సిగ్గుతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

బాపు మాత్రం పెన్ను కింద పెట్టలేదు.

"యాడ వెట్టాలె బిడ్డా సంతకం?" అన్నాడు.

ఆయన వేలు పక్కనే, కారణం అని ఉన్న గడిలో, నా చేతిరాత ఉంది: 'కూతురికి గది కిరాయికి దొరకనందున.' కాగితం ఆయన ఒళ్లోంచి తీసేసుకున్నాను.